మూల గదిలో పదిహేను డిగ్రీలు

జనవరి 8

ఈ రోజు గది మారాను. పంతొమ్మిదేళ్లు ఉన్న గది, రెండు గంటల్లో ఖాళీ అయిపోయింది.

అమ్మ ఎలా అడిగిందో ఉన్నదున్నట్టు రాసిపెట్టుకుంటున్నాను. లేకపోతే నాలుగు రోజులు పోయాక నాకు నచ్చినట్టు మార్చుకుంటాను. వంటింట్లో చిక్కుళ్లు తుంచుతోంది. నా మొహం చూడకుండా అంది.

“పెద్దమ్మాయ్, చిట్టికి చలి పడదు కదా. నీ గది దానికిచ్చి, కొన్నాళ్లు నువ్వు ఆ మూల గదిలో సర్దుకుంటావా?”

“దానికేం, సర్దుకుంటాను. నాకు చలి అంతగా తెలియదు” అన్నాను.

ఎందుకలా అన్నానో. చిన్నప్పటి నుంచీ నా నోరు ఇంతే. నన్ను అడక్కుండానే మంచిపేరు కొట్టేయడానికి ముందుకొస్తుంది.

చిట్టి అని రాస్తుంటే నవ్వొస్తోంది. ముప్పై ఆరేళ్ల చిట్టి, నాకంటే ఏడేళ్లు చిన్న. మొగుడితో పొసగక గురువారం నాడు రెండు పెట్టెలతో దిగింది. రెండు వారాలు ఉండి వెళ్తానంది. రెండు వారాల కోసం ఎవరూ ఆరు జతల చెప్పులు తెచ్చుకోరు.

జనవరి 11

నాకేం చలిగా లేదు.

జనవరి 15

ఆఫీసులో మూలన పడేసిన పాత థర్మామీటర్లు మూడు అడిగి తెచ్చుకున్నాను. ఎందుకని ఆఫీసరు అడగలేదు. పాత పటాలూ దస్తావేజులూ దాచిన గదుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డిగ్రీలు చూసి పుస్తకంలో రాయడం నా పని కాబట్టి, ఇంట్లో కూడా అదే పిచ్చి అనుకుని ఉంటారు. పటాల గదిలో ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే నలుగురం పరిగెత్తుతాం. పాత కాగితాలకు ఉన్న దిక్కు కూడా నాకు లేదు.

ఇంట్లో సాయంత్రం ఏడు గంటలకు:

నా గది (కాదు, చిన్నదాని గది) – 23
అమ్మ గది – 20
మూల గది – 15

అదీ సంగతి. అమ్మ సాయంత్రాలన్నీ దాని గదిలోనే ఎందుకు గడుపుతోందో ఇప్పుడు తెలిసింది. మోకాళ్ల నొప్పుల మనిషి, వెచ్చగా ఉన్నచోటికి పోతుంది. ఇందులో నేను మనసు కష్టపెట్టుకోవాల్సిందేం లేదు. ఇది కేవలం డిగ్రీలకు సంబంధించిన విషయం.

ఒక్కటే గుచ్చుతోంది. ఇన్నేళ్లూ నేను ఆఫీసు నుంచి రాగానే అమ్మ ఊలు బుట్ట పట్టుకుని నా గదికి వచ్చేది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అల్లుకునేది. మాటలు పెద్దగా ఉండేవి కావు. నాతో కూర్చుంటోందనుకున్నాను. గది వెచ్చగా ఉందని కూర్చుందా? కుర్చీ ఇప్పుడూ అక్కడే ఉంది. అమ్మ ఇప్పుడూ అక్కడే కూర్చుంటోంది. మారింది నేనొక్కదాన్నే.

జనవరి 19

అమ్మ ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసింది. ఆ కబుర్లన్నీ నాకు కంఠతా వచ్చు. విరిగిన కాలు వదిలేసి మంచి కాలికి కట్టు కట్టిన కొత్త డాక్టరు కథ అయితే వందసార్లు విని ఉంటాను. ఈ రోజు నడవ చివర నుంచి మళ్లీ అదే కథ వినిపించింది. చిన్నది మొదటిసారి విన్నట్టు పగలబడి నవ్వింది. అదీ వందసార్లు విన్నదే. నంగనాచి.

మొగుణ్ని వదిలేసి వచ్చిన మనిషి అలా నవ్వొచ్చా అనుకుని, ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాను. కాసేపే పడ్డాను.

జనవరి 20

పదిహేను.

జనవరి 24

గదులు వెచ్చబెట్టే బాయిలర్ చూసే మెకానిక్‌ని పిలిపించాను. గది సంగతి చూడమన్నాను, చలేస్తోందని చెప్పలేదు. “పుస్తకాలకు చెమ్మ పడుతోంది” అన్నాను.

ఆయన గోడల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ఇల్లంతా తిరిగి వేడినీళ్లు పారే రేడియేటర్లు పట్టి చూసి వచ్చాడు.

“మీ ఇంట్లో వేడికి లోటు లేదండీ. పంపకంలోనే ఉంది తేడా. ఈ గదికి రెండు పక్కలా బయటి గోడలే. పైగా లైను చివర ఉంది. వేడినీళ్లు బాయిలర్ దగ్గర బయల్దేరి ముందు దగ్గర్లో ఉన్నదాంట్లోకి పోతాయి. వంటింటి పక్క గదిలోది కడుపునిండా తాగేస్తోంది. మీ దాకా వచ్చేసరికి అడుగూ బొడుగూ.”

“అయితే ఇక్కడ ఇంకా పెద్దది పెట్టాలా?”

“అక్కర్లేదు. అక్కడ కాస్త బిగిస్తే ఇక్కడికి అదే వస్తుంది.”

ఆ ముక్క ఇంకోసారి చెప్పించుకున్నాను.

వంటింటి పక్కనున్న చిన్నదాని గదికి తీసుకెళ్లి చూపించాడు. రేడియేటరుకు ఒక పక్క ఉండే చక్రం మనం తిప్పుకునేది. రెండో పక్క ప్లాస్టిక్ మూత కింద ఇంకో వాల్వు ఉంటుంది, ఎంత నీళ్లు పోవాలో నిర్ణయించేది అదే. మూత తీసి పానాతో కొద్దిగా బిగించాడు. “దీన్ని మీరు ముట్టుకోకండి. ఇత్తడిది, పానా జారిందంటే అంచులు అరిగిపోతాయి” అన్నాడు. చిన్నది మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, “అక్కా, నీ గది అంత చల్లగా ఉందా, చెప్పనేలేదే” అంది.

“చెమ్మ” అన్నాను.

జనవరి 26

చిన్నదాని గది 20. అమ్మ గది 20. మూల గది 20.

ఆఫీసు నుంచి త్వరగా వచ్చి గది ఊడ్చాను. హాల్లోంచి కుర్చీ ఒకటి తెచ్చి కిటికీ పక్కన వేశాను. దిండు కూడా పెట్టాను, నడుముకి. ఆరున్నరకు అమ్మ ఊలు బుట్టతో నడవలో కనిపించింది. గుమ్మం దగ్గర ఆగి లోపలికి చెయ్యి చాపి చూసింది.

“అబ్బో, బాగా వెచ్చబడిందే. హమ్మయ్య” అంది.

అని దాని గదికి వెళ్లింది.

మూడు గదులూ ఇరవయ్యే. అన్నీ సమానం. సమానమైతే వచ్చేస్తుందని ఎవరు చెప్పారు నాకు?

జనవరి 29

పానా కొన్నాను. కుర్చీ కాళ్లు వదులుగా ఉన్నాయి.

జనవరి 30

చిన్నది స్నానానికి వెళ్లినప్పుడు దాని గదికి వెళ్లాను, దువ్వెన కోసం. మూత తీశాను. పావు తిప్పు. చాలా తేలిగ్గా తిరిగింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దువ్వెన తెచ్చుకోవడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 2

దానిది 18. నాది 21.

ఫిబ్రవరి 5

ఇంకో పావు. దానిది 16.

చెప్పుకోవాలి కదా మరి, చలేస్తోందని? నోరు మెదపదు. ఈ రోజు నా గోధుమరంగు స్వెట్టరు వేసుకుని కాఫీ తాగుతోంది. అది అమ్మ నాకోసం అల్లింది, మొదటి జీతం తెచ్చిన ఏడాది. పెట్టెలోంచి తీసి దానికిచ్చింది అమ్మే. “నువ్వు వేసుకోవడం లేదు కదే” అంది. వేసుకోవడం లేదు, నిజమే. దాచుకున్నాను. దాచుకోవడమంటే ఏమిటో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒళ్లు మండిపోయింది. “బాగుందే నీకు” అన్నాను.

ఫిబ్రవరి 8

అమ్మ వచ్చింది. నా గదికి వచ్చింది, కుర్చీలో కూర్చుంది. గది 22. పన్నెండు నిమిషాలు కూర్చుంది.

నేను ఏమీ పట్టనట్టు బట్టలు మడతపెడుతూ ఉన్నాను. లోపల మాత్రం గంతులే. చూశావా, డిగ్రీల సంగతే అని ముందే అనుకున్నాను.

“చిట్టి చేతులు చూశావుటే? మంచుగడ్డల్లా ఉన్నాయి” అంది అమ్మ.

“అవునా.”

“మనసు కుదురుగా లేకపోతే ఒళ్లు కూడా చల్లబడుతుంది. వార్డులో చూసేదాన్ని. పైకి నవ్వుతూనే ఉంటుంది, పిచ్చిది. అన్నం సగం పారేస్తోంది.”

పన్నెండు నిమిషాలూ దాని గురించే. తర్వాత లేచి, ఇక్కడ వెచ్చబడ్డ చేతులు రుద్దుకుంటూ దాని దగ్గరికే వెళ్లింది.

ఫిబ్రవరి 9

ఇంకో పావు.

ఫిబ్రవరి 12

పరువు పోయింది. ఆఫీసు పుస్తకంలో పటాల గది ఎదురుగా పద్నాలుగున్నర అని రాశాను. పద్దెనిమిదేళ్లలో మొదటి తప్పు. ఆఫీసరు చూసి కంగారుపడి కిందికి పరిగెత్తారు, ఆయన వెనక నలుగురు. వెళ్లి చూస్తే పటాల గది శుభ్రంగా పద్దెనిమిది డిగ్రీల్లో ఉంది.

పద్నాలుగున్నర చిన్నదాని గది.

“ఇంట్లో అంతా బాగానే ఉందా?” అని అడిగింది పక్క సీటావిడ. “మీ చెల్లెలు వచ్చిందటగా, ఇల్లు కళకళలాడుతుంటుంది.”

ఆడుతోందండీ, చాలా బాగా ఆడుతోంది అన్నాను.

ఫిబ్రవరి 14

అమ్మ తన దిండూ దుప్పటీ తీసుకుని చిన్నదాని గదికి మారిపోయింది. “ఒక్కతే వణుకుతోందే. ఇద్దరం పడుకుంటే వేడిగా ఉంటుంది” అని నాకు చెప్పి మరీ వెళ్లింది.

ఫిబ్రవరి 15

నా గది ఇరవై మూడు. ఎవరూ లేరు.

ఫిబ్రవరి 17

వెనక్కి తిప్పేద్దామని వెళ్లాను. నిజంగానే వెళ్లాను, పానా కొంగులో పట్టుకుని. తలుపు తీసే ఉంది. మంచం మీద చిన్నది, దాని పాదాలు అమ్మ ఒళ్లో. అమ్మ రుద్దుతోంది. రెండు చేతులతో, మడమ నుంచి వేళ్ల దాకా, వార్డులో రోగులకు చేసినట్టు.

నా పాదాలు అమ్మ ఎప్పుడు పట్టుకుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పట్టుకునే ఉంటుంది. చిన్నప్పుడు ఎప్పుడో.

“ఏంటక్కా?” అంది చిన్నది.

“దువ్వెన” అన్నాను.

కడుపు రగిలిపోతోంది, రాయకపోతే ఇంకెక్కడ చెప్పుకోను. వెచ్చగా ఉన్నచోటికి అమ్మ వస్తుందని లెక్కగట్టి ఆ గదిని చల్లబరిచాను. అమ్మ చల్లగా ఉన్నచోటికి పోతుంది. నా చేతులతో నేనే అమ్మని తీసుకెళ్లి దాని మంచం మీద కూర్చోబెట్టాను.

మరి నేను పదిహేను డిగ్రీల్లో ఉన్నప్పుడు?

రేపు తిప్పేస్తాను.

ఫిబ్రవరి 18

తిప్పలేదు.

ఫిబ్రవరి 19

అమ్మకి దగ్గు.

ఫిబ్రవరి 20

జ్వరం నూట రెండు. డాక్టరు వచ్చి వీపు మీద గొట్టం పెట్టి విన్నారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతోందట. “ఈ గదిలోనా పడుకోబెట్టారు? ఇంత చల్లగా ఉంటే ఎలా?” అని అడిగారు. నేను కిటికీ గడియ వేసి ఉందో లేదో చూశాను. వేసే ఉంది, నాకు తెలుసు.

“అమ్మా, నా గదిలోకి రా. వెచ్చగా ఉంటుంది” అన్నాను.

“చిట్టిని ఈ చలిలో వదిలేసి నేనెక్కడికి వచ్చేదే? మందు వేసుకుంటున్నాగా.”

నర్సులంత మొండి రోగులు ఉండరు. చిన్నది కూడా బతిమాలింది. వినలేదు.

అమ్మ బాత్రూముకి వెళ్తే చిన్నది తోడు వెళ్లినప్పుడు, మూత తీసి పానా పెట్టాను. తొందరగా తిప్పబోయాను. పానా జారింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది, వేలు కణుపు దగ్గర తెగింది. ఇత్తడి అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇంక పట్టు దొరకదు. బిగించినన్ని రోజులూ వెన్నలా తిరిగింది, వదులు చెయ్యబోతే కదల్లేదు.

మెకానిక్‌ని పిలిస్తే చూడగానే తెలిసిపోతుంది. పిలవకపోతే అమ్మ ఆ మంచం దిగదు. వంటింట్లో నిలబడి కాసేపు ఇంకేదైనా దారి ఉందా అని చూశాను. దగ్గు వినిపిస్తూనే ఉంది. ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే వస్తానన్నాడు.

ఫిబ్రవరి 21

ఎనిమిదింటికి వచ్చాడు. మూత తీశాడు. వేలితో తడిమాడు. తర్వాత వెనక్కి తిరిగి నా వైపే చూశాడు, నా వేలికున్న పట్టీ వైపు.

“దీన్ని ఎవరో తిప్పారండీ. దాదాపు మూసేశారు. అంచులు చూడండి.”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చిన్నది నా మొహం చూసింది, వాల్వు చూసింది.

“నేనే” అంది అమ్మ, మంచం మీంచి. గొంతు బొంగురుగా ఉంది. “మొన్న దుమ్ము తుడుస్తూ తిప్పేసి ఉంటాను.”

“గుడ్డతో తిరగదండీ అది. పానా ఉండాలి.”

“నర్సు చేతులు నాయనా. నీకు తెలియదు.”

మెకానిక్ సంచీలోంచి పానా తీశాడు. వాల్వు మార్చాలి, నీళ్లు దింపాలి, రెండు గంటలు పడుతుంది, ఈలోగా పెద్దావిడని వేరే గదికి తీసుకెళ్లండి అన్నాడు. అమ్మ అప్పుడు లేచింది. ఒక చెయ్యి నా భుజం మీద వేసి నడవంతా మెల్లగా నడిచింది. నా మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను. తలుపు వెయ్యమంది.

తిడుతుందనుకున్నాను.

“ఎప్పటి నుంచి?” అంది.

“పావు పావు చొప్పున, పోయిన నెలాఖరు నుంచి.”

“అది కాదే. చలి ఎప్పటి నుంచి వేస్తోంది నీకు?”

గది మారిన రోజు నుంచి అన్నాను.

“చలి తెలియదన్నావుగా.”

“అన్నాను.”

“నేను నమ్మేశాను.” దగ్గు వచ్చింది, ఆగే దాకా వీపు నిమిరాను. “వార్డులో నలభై మంచాలుండేవి. మూలిగేవాళ్ల దగ్గరికి ముందు పోతాం. పిలవని మంచం ఉంటుంది చూడు, బాగానే ఉందిలే అనుకుంటాం. పొద్దున వెళ్లి చూస్తే దానికే ఒళ్లు కాలిపోతూ ఉంటుంది. పెద్ద డాక్టరు చేత ఎన్ని తిట్లు తిన్నానో.”

“అయితే పిలవనివాళ్లదా తప్పు?” అన్నాను. గొంతు పెరిగింది. నూట రెండు జ్వరంతో ఉన్న మనిషి మీద అరిచాను.

“తప్పు నాదేనే. నర్సుని నేను కదా.” కాసేపు కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. “కానీ పిలిస్తే నీ సొమ్మేం పోయింది?”

ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్లూ అడగాలనుకున్నది అప్పుడే అడిగేశాను. ఆ గదిలో అన్నేళ్లు కూర్చున్నావు, నా కోసమా, వెచ్చగా ఉంటుందనా?

“వెచ్చగా ఉంటుంది. నువ్వూ ఉంటావు. ఏది ఎంతని ఎవరు విడదీసి చూసుకుంటారే?” అంది.

నా కోసమే అంటుందనుకున్నాను. అబద్ధమైనా సరే అంటుందనుకున్నాను. అనలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు అమ్మ ఊపిరి విన్నాను.

ఫిబ్రవరి 24

జ్వరం తగ్గింది. గదులన్నీ ఇరవై.

ఫిబ్రవరి 25

గిన్నెలు కడుగుతూ చిన్నదానికి చెప్పాను. నేనే తిప్పానని.

“తెలుసక్కా” అంది. తుడుస్తున్న గిన్నె కింద పెట్టలేదు. “నీ గది తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుండేది. నా గదిలో గోడ ముట్టుకుంటే జివ్వుమనేది. తెలియకుండా ఎలా ఉంటుంది?”

“మరి అడగలేదే?”

“అడిగితే పొమ్మంటావేమోనని. పొమ్మంటే ఎక్కడికి పోవాలి?”

మా ఇంట్లో ఇంకో పిలవని మంచం ఉందన్నమాట. దాన్నే నేను నంగనాచి అని రాశాను. పైన చూసుకున్నాను, రాసే ఉంది. కొట్టేయాలనిపించింది కానీ కొట్టేయను, ఆ రోజు నాకు అలాగే అనిపించింది. నిజం చెప్పాలంటే ఇప్పుడూ కొంచెం అనిపిస్తుంది. అమ్మ జబ్బుపడ్డప్పుడు కూడా దాని చెయ్యే పట్టుకుని పడుకుంది.

“ఎవరు పొమ్మన్నారు నిన్ను?” అన్నాను.

“ఎవరూ అనలేదు. వాల్వు అంది.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు ముక్కులోంచి కూడా నీళ్లొచ్చాయి, చేతులకు సబ్బు ఉండి తుడుచుకోలేకపోయాను. అది తన గుడ్డతోనే నా ముక్కు తుడిచింది, గిన్నెల గుడ్డతో.

తర్వాత అంది, “అక్కా, నీ గది నువ్వు తీసుకో. నేను ఆ మూల గదికి పోతాను. ఇప్పుడు బాగానే ఉంటోందిగా.”

పర్లేదులే, నాకెక్కడైనా ఒకటే అనడానికి నోరు ముందుకొచ్చింది. నలభై మూడేళ్ల అలవాటు. పళ్లు బిగబట్టాను.

“సరే. రేపే మారదాం” అన్నాను.

అది కాస్త తెల్లబోయింది. తెల్లబోనీ.

ఫిబ్రవరి 26

మారాం. ఆరు జతల చెప్పులూ నేనే మోశాను.

ఫిబ్రవరి 28

సాయంత్రం అమ్మ ఊలు బుట్టతో బయల్దేరింది. ఇంకా నీరసంగానే ఉంది, గోడ పట్టుకుని నడుస్తోంది. నా గుమ్మం ముందు నుంచే వెళ్లింది. మూల గదికి వెళ్లింది. కొత్తచోట దానికి ఎలా ఉందో అని.

నాకు కుళ్లు వచ్చింది. మామూలుగా కాదు. ఇన్ని జరిగాక కూడా ఇంకా మిగిలే ఉంది, ఎక్కడ దాక్కుంటుందో. పక్క మీద కూర్చుని ఐదు నిమిషాలు ఆ కుళ్లును అలాగే పెట్టుకున్నాను. అటు నుంచి నవ్వులు. ఆ కొత్త డాక్టరు మళ్లీ మంచి కాలికి కట్టు కట్టి ఉంటాడు.

“అమ్మా” అని పిలిచాను. మొదటిసారి సరిగ్గా రాలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను.

“ఏంటే?”

“చలేస్తోంది.”

వేయడం లేదు. నడవలో చెప్పుల చప్పుడు వినిపించింది, గోడకి చెయ్యి రాసుకుంటున్న చప్పుడు. అమ్మ వచ్చింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టింది, అరచేతులు పట్టి చూసింది, వెచ్చగానే ఉన్నాయి. నా మొహంలోకి చూసింది. కుర్చీలో కూర్చుంటుందనుకున్నాను.

“జరుగు” అంది.

జరిగాను.